స్టవ్ వెలిగించడం గుర్తుంది, వెలిగించిన సంగతి గుర్తులేదు

తెల్లవారుజామున నాలుగున్నరకు మాడు వాసనకు మెలకువ వచ్చింది. వంటింట్లోకి పరిగెత్తేసరికి పాలగిన్నె అడుగంతా బొగ్గయిపోయింది, కింద మంట ఇంకా మండుతూనే ఉంది. అమ్మ హాల్లో కుర్చీలో కూర్చుని నింపాదిగా జడ అల్లుకుంటోంది. "పాలు పెట్టి మర్చిపోయావా అమ్మా?" అన్నాను. "నేనెక్కడ పెట్టానే? ఇప్పుడేగా లేచింది" అంది. ఆవిడ అబద్ధం ఆడలేదు.

ఆ రోజే ఒక అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాలతో "అమ్మా, స్టవ్ ముట్టుకోవద్దు" అని రాసి స్టవ్ వెనక టైల్స్‌కి అంటించాను. మర్నాడు నేను చూస్తుండగానే వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని అట్ట మీద ఉన్నది పైకే చదివింది, ఒక్క తప్పు లేకుండా. చదవడం పూర్తవుతుండగానే ఎడమచెయ్యి నాబ్ తిప్పింది, కుడిచేతిలో లైటర్ టిక్కుమంది.

డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లగా దెబ్బతినిపోయే జబ్బు వచ్చిన మనిషిని ఇంట్లో క్షేమంగా ఎలా చూసుకోవాలి అనే ప్రశ్నకు జవాబంతా ఆ ఒక్క నిమిషంలోనే ఉంది. నాకు అర్థం కావడానికి మాత్రం దాదాపు ఏడాది పట్టింది.

జ్ఞాపకశక్తి అంటే ఒకటే అనుకుంటాం కానీ అవి చాలా రకాలు. ఇందాక ఏం జరిగింది, పొద్దున ఏం తిన్నాం, ఎవరు వచ్చి వెళ్ళారు అనే కొత్త సంగతుల్ని పట్టి ఉంచే పని మెదడులో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగానిది. డిమెన్షియాల్లో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్‌లో మామూలుగా ముందు దెబ్బతినేది అదే. సైకిల్ తొక్కడం, జడ అల్లడం, స్టవ్ వెలిగించడం లాంటి చేతి అలవాట్లు వేరే భాగాల్లో ఉంటాయి. అవి చాలాకాలం చెక్కుచెదరవు. అందుకే అమ్మకు స్టవ్ వెలిగించడం వచ్చు, వెలిగించానన్న సంగతి నిలవదు. తలుపు గడియ తీయడం వచ్చు, ఎందుకు బయటికొచ్చిందో తెలియదు. బీపీ బిళ్ళ వేసుకోవాలని గుర్తుంటుంది, వేసేసుకున్నది గుర్తుండదు. ఇంట్లో జరిగే ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. పోయిన జ్ఞాపకం ఒక్కటే అయితే మనిషి ఊరికే కూర్చుని ఉండేది. మిగిలిన అలవాటు ఆ మనిషిని లేపి నడిపిస్తుంది.

ఇది అర్థమయ్యాక ఒక పని మానేశాను. చెప్పడం. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని మనం విసుక్కునే ప్రతిసారీ, చెప్పింది దాచుకునే చోటే దెబ్బతిన్న మనిషితో మాట్లాడుతున్నాం. మాట మిగలదు, మనం కసిరామన్న బాధ మాత్రం చాలాసేపు ఉండిపోతుంది. కాబట్టి మనిషిని మార్చాలని చూడకుండా, ఆ అలవాటుకు ఎదురయ్యే ఇంటిని మార్చాలి.

దానికంటే ముందు ఒక మాట. మన ఇళ్ళలో దీన్ని చాదస్తం అంటారు, పెద్దతనం అంటారు, "వయసైపోయింది, అంతే" అని వదిలేస్తారు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో సుమారు 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. కానీ మతిమరుపు అంతా అదే కానక్కర్లేదు. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా, ఎప్పుడో తలకు తగిలిన దెబ్బకు లోపల నెమ్మదిగా రక్తం గడ్డకట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఇంటికి మార్పులు చేసేముందు న్యూరాలజిస్టుకో, సైకియాట్రిస్టుకో చూపించి తీరాలి. మేము ఆరు నెలలు ఆలస్యం చేశాం. ఆ ఆరు నెలల గురించి నాకిప్పటికీ దిగులే.

ఇక వంటిల్లు. మా ఇంట్లో చివరికి పనిచేసింది ఒక్కటే, రాత్రి పడుకునేముందు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపేయడం. పైపు గ్యాస్ ఉన్నవాళ్ళకు గోడ దగ్గర వాల్వ్ ఉంటుంది, అది తిప్పేస్తే సరి. నాబ్ తిరుగుతుంది, లైటర్ టిక్కుమంటుంది, మంట రాదు. "గ్యాస్ అయిపోయినట్టుందే" అని ఆవిడే వెళ్ళిపోతుంది. గొడవ లేదు, అడ్డుకున్నామన్న అవమానం లేదు. కొందరు ఇండక్షన్ స్టవ్‌కి మారతారు. గిన్నె తీసేస్తే అదే ఆగిపోతుంది కాబట్టి మంచిదే కానీ, దాని బటన్లు కొత్తగా నేర్చుకోవాలి, ఆ నేర్చుకోవడమే వాళ్ళకు కుదరదు. వంట ఇంకా చేసుకుంటున్న మనిషికి అది ఇచ్చి "ఇక భయం లేదు" అనుకుంటే, ఆవిడ వంటే మానేస్తుంది.

వంటింటికి తాళం వేయమని చాలామంది సలహా ఇచ్చారు. నేను వేయలేదు. యాభై ఏళ్ళు వంటింట్లో గడిపిన మనిషిని గుమ్మం అవతల నిలబెడితే పొద్దస్తమానం ఆ తలుపు దగ్గరే తిరుగుతుంది. అదే చేతి అలవాటును ఇటు వాడుకోవచ్చు. మునగాకు దూయడం, చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, చింతపండు గింజలు తీయడం. ఇవి అమ్మ నాకంటే చక్కగా చేస్తుంది. రెండోసారి దూయడానికి ఆకు లేకపోతే దూసిన ఆకులోనే కాసిని కాడలు మళ్ళీ కలిపి ఇస్తాను. ఇందులో మోసం ఉందనుకోను.

వంటింట్లో మంట కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది సింకు కింది అర. ఫినాయిల్‌ని, యాసిడ్‌ని ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టుకోవడం మనకు మామూలే. డిమెన్షియా ఉన్న మనిషి లేబుల్ చదివినా దాని అర్థం చేతిదాకా రాదని అట్టముక్క ఉదంతంలోనే చూశాం. సీసా ఆకారం చూసి తాగేస్తారు. ఇలాంటివాటిని ఎత్తుగా పెట్టినా లాభం లేదు, తాళం పెట్టాలి. మందులకూ అంతే. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని గళ్ళున్న వారం డబ్బా కొని ఇస్తే చాలనుకుంటాం. తొలిరోజుల్లో చాలుతుంది. తర్వాత ఆ డబ్బా కూడా మన దగ్గరే ఉండాలి, బిళ్ళ మన చేత్తోనే ఇవ్వాలి. షుగర్ బిళ్ళ రెండుసార్లు పడితే, అన్నం తిన్నాననుకుని తినకపోతే, షుగర్ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

బాత్రూంలో మొదట పీకేయాల్సింది లోపలి గడియ. వేసుకోవడం వస్తుంది, తీయడం తోచదు, లోపల పడిపోతే తలుపు పగలగొట్టాలి. గీజర్ వేడి తగ్గించి పెట్టాలి. బకెట్లో ముందు చన్నీళ్ళు పోసి ఆ తర్వాత వేణ్నీళ్ళు కలపడం మంచిది. గోడకు పట్టుకునే కడ్డీలు, కింద జారని మ్యాట్, కూర్చుని పోసుకోవడానికి ప్లాస్టిక్ స్టూలు. ఇవన్నీ ఏ డాక్టరైనా చెప్తారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఈ జబ్బులో కళ్ళు బాగానే ఉన్నా చూసినదాన్ని పోల్చుకునే శక్తి తగ్గుతుంది. తెల్ల టైల్స్ మధ్య తెల్ల కమోడ్ కనబడదు, లేని చోట కూర్చోబోయి పడతారు. మేము సీటు మాత్రం ముదురు నీలంది మార్పించాం. గుమ్మం ముందు నల్లటి డోర్‌మ్యాట్ వేస్తే అది వాళ్ళకు గొయ్యిలా కనిపించవచ్చు. అమ్మ రోజూ ఆ మ్యాట్ దగ్గర ఆగి కాలు బాగా పైకెత్తి దాటేది. ఒకరోజు అలాగే దాటబోయి తూలింది. ఎందుకలా చేస్తోందో తెలిసేసరికి నెల పట్టింది. మ్యాట్ తీసేసిన రోజు నుంచీ మామూలుగా నడిచింది. అద్దం సంగతీ ఇంతే. వాష్‌బేసిన్ మీది అద్దంలో "ఎవరో ముసలావిడ నన్నే చూస్తోంది" అని భయపడుతుంటే అద్దం మీద తువ్వాలు కప్పండి. "అది నువ్వేనమ్మా" అని నచ్చజెప్పడం వృథా. ఆవిడ మనసులో ఆవిడకు ముప్ఫై ఏళ్ళే అయ్యుండవచ్చు.

రాత్రి బాత్రూంకి వెళ్ళే దారిలో చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, మంచం, కొత్త చోటు, కొత్త మనుషులు. ఆ దెబ్బతో మతి ఒక్కసారిగా దిగజారిపోయిన పెద్దవాళ్ళను చాలామందిని చూస్తాం.

దీపాలు పెట్టే వేళ వేరే కథ. సాయంత్రం అయిదున్నర దాటితే అమ్మకు కాలు నిలవదు. "ఇంటికి పోదాం పదవే, పొద్దుపోయింది" అంటుంది. "ఇదే కదమ్మా మన ఇల్లు" అని నేను, "కాదు" అని ఆవిడ. ఇద్దరి గొంతూ పెరిగేది, చివరికి చెప్పులేసుకుని తలుపు దగ్గరికి వెళ్ళేది. వెలుతురు తగ్గుతూ ఉంటే, రోజంతటి అలసట మీద ఈ కలవరం పెరగడం ఈ జబ్బులో తరచుగా కనిపించేదే. నేను ఒకరోజు వాదించకుండా, "ఇంటికెళ్ళి ఏం చేయాలమ్మా?" అని అడిగాను. "పాలు పితకొద్దూ? గేదె అరుస్తూ ఉంటుంది" అంది. గేదెలు అమ్మేసి పాతికేళ్ళయింది. కానీ ఆ వేళకు లేవాలన్నది ఆవిడ ఒంట్లో ఉండిపోయింది. "ఈ పూటకు పాలేరు పితికాడట, కబురు పంపాడు" అన్నాను. "కుడితి పెట్టాడా?" అంది. "పెట్టాడట." కూర్చుంది.

అబద్ధం చెప్పాలా వద్దా అని చాలామంది మధనపడతారు. నా మట్టుకు, ఆవిడ అడుగుతున్నది గేదె గురించి కాదు, చేయాల్సిన పని చేయకుండా ఉండిపోయానన్న ఆందోళన అది. ఆ ఆందోళనకు జవాబు చెప్పాను. అయిదు గంటలకే ఇంట్లో లైట్లన్నీ వేసేయడం, కర్టెన్లు వేయడం, ఆ వేళకు చేతిలో ఏదో ఒక పని పెట్టడం కూడా బాగా పనిచేశాయి.

అయినా ఏదో ఒకరోజు గడప దాటతారు. దానికి సిద్ధంగా ఉండాల్సిందే. గడియ అలవాటైన చోట కాకుండా తలుపుకు బాగా పైన గానీ కింద గానీ పెడితే చెయ్యి పాత చోటే వెతుకుతుంది, దొరక్క వెనక్కి వస్తుంది. తలుపు మీద గోడ రంగు కర్టెన్ వేసినా, తీయగానే మోగే గంట కట్టినా ఉపయోగమే. కానీ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడు మాత్రమే. మనిషిని లోపల ఒంటరిగా పెట్టి బయట తాళం వేసి ఆఫీసుకు వెళ్ళడం, మంచానికి కట్టేయడం, ఈ రెండూ పరిస్థితుల వల్ల కొందరు చేస్తున్నారని తెలుసు. వాళ్ళను తిట్టే హక్కు నాకు లేదు. కానీ షార్ట్ సర్క్యూట్ అయితే తలుపు తీసేవాళ్ళుండరు. కట్టేసిన మనిషి విదిలించుకోబోయి ఇంకా ఘోరంగా దెబ్బలు తగిలించుకుంటుంది. అలాంటి రోజు వస్తే అది ఇంకో మనిషి సాయం తప్పనిసరి అయిన రోజని తెలుసుకోవాలి.

వాచ్‌మన్‌కి, వీధి చివర ఇస్త్రీ బండి ఆయనకి, కిరాణా షాపు వాళ్ళకి విషయం దాచకుండా చెప్పండి. మన దగ్గర దీన్ని పరువు సమస్య చేసుకుని దాస్తారు. అమ్మను రెండుసార్లు వెనక్కి తీసుకొచ్చింది ఇస్త్రీ ఆయనే. ఫోన్ నంబరు చెక్కిన స్టీలు కడియం వేయించాం, జాకెట్ల లోపల కూడా నంబరు కుట్టించాం. చేతిసంచి, మెళ్ళో కార్డు అయితే తీసి పారేస్తారు. పెళ్ళికో, తిరుమలకో, పుష్కరాలకో తీసుకెళ్తే బయల్దేరేముందు ఫోన్లో ఒక ఫొటో తీసుకోండి. ఆ రోజు కట్టుకున్న చీర రంగు ఆ టెన్షన్‌లో మీకే గుర్తురాదు.

కనబడకపోతే పావుగంట చుట్టుపక్కల వెతికి, వెంటనే 112కి ఫోన్ చేయాలి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న రూలు లేదు. ఆ మాట ఎవరన్నా వినకండి. పేరు పెట్టి పిలిస్తే వాళ్ళు పలకకపోవచ్చు. తాము తప్పిపోయామని వాళ్ళకు తెలియదు. అందుకని పిలుస్తూ పోవడం కంటే కళ్ళతో వెతకాలి. ముందు నీళ్ళున్న చోట్లు, అంటే చెరువు, కాలువ, సంపు, ఆ తర్వాత పొదలు, కట్టుబడి ఆగిన ఇళ్ళు, ఆపైన పాత ఇల్లు, పాత ఉద్యోగం, రోజూ వెళ్ళిన గుడి, బస్టాండు. జపాన్‌లో 2023లో డిమెన్షియా ఉన్నవాళ్ళు తప్పిపోయారంటూ పోలీసుల దగ్గరికి వచ్చిన కేసులే 19,039. అక్కడ ఊళ్ళే కలిసి వెతికే ఏర్పాట్లున్నాయి. మనకు ఊరు ఉంది, ఏర్పాటు లేదు.

ఒక ప్రమాదం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని జబ్బు ముదిరిందనుకుని వదిలేస్తాం. డిమెన్షియా నెలల మీద, ఏళ్ళ మీద ముదురుతుంది. నిన్నటిదాకా ఒకలా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా మారిపోతే, లేనివి కనిపిస్తున్నాయన్నా, మగతగా పడున్నా, అది చాలావరకు డెలిరియం, అంటే ఒంట్లో వేరే ఇబ్బంది వల్ల ఉన్నట్టుండి వచ్చే మతి కలవరం. కారణం మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, మలబద్ధకం కావచ్చు, ఎండల్లో నీళ్ళు తాగకపోవడం కావచ్చు, కొత్తగా వేసిన మందు కావచ్చు. దాహం వేసినా చెప్పలేరు, మంటగా ఉన్నా చెప్పలేరు. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. జలుబుకనో, దురదకనో మెడికల్ షాపులో అడిగి తెచ్చే మగత బిళ్ళలు కొన్ని, నిద్రమాత్రలు ఈ మనుషుల్లో కలవరాన్ని, పడిపోవడాన్ని పెంచుతాయి. గోల చేస్తున్నారని ఇచ్చే సైకియాట్రీ మందుల్లో కొన్నిటి వల్ల డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అవి అస్సలు వాడకూడదని కాదు. ఎందుకు, ఎంతకాలం అని అడిగి, తగ్గించే రోజు కూడా అడిగి వాడాలి.

డబ్బు కూడా భద్రతే. కేవైసీ అప్‌డేట్ అంటూ ఫోన్ చేసినవాడికి ఓటీపీ చెప్పేస్తారు, మర్యాదగా మాట్లాడినవాడిని నమ్మే అలవాటు చివరిదాకా ఉంటుంది. పెద్ద మొత్తాలున్న ఖాతాను ఫోన్ నుంచి తీసేయడం మంచిది. ఇక చాలా కుటుంబాలు బోర్లా పడే చోటు ఇంకోటుంది. "జీపీఏ రాయించేశాం, ఇక పర్వాలేదు" అనుకుంటారు. జీపీఏ అంటే తన తరఫున వ్యవహారాలు చూడమని ఇంకొకరికి అధికారం రాసిచ్చే పత్రం. మన కాంట్రాక్టు చట్టం ప్రకారం, రాసిచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో రద్దయిపోతుంది. సరిగ్గా అవసరమైన రోజుకే అది చెల్లదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద ముందుగా ఒక ప్రతినిధిని పెట్టుకోవచ్చు కానీ, అది వైద్యం విషయాలకే, ఆస్తికి కాదు. చివరికి సంరక్షకుల కోసం హైకోర్టుకు వెళ్ళినవాళ్ళున్నారు. కాబట్టి జబ్బు తెలిసిన తొలిరోజుల్లో, ఇంకా మనిషికి తెలివిడి ఉండగానే వీలునామా, నామినీలు, జాయింట్ ఖాతా పూర్తి చేసుకోవాలి. ఆవిడ ఇష్టం ఏమిటో ఆవిడనే అడిగి. పిల్లలు మాట్లాడుకుని ఆవిడ వేలు పట్టి సంతకం పెట్టించడం మాత్రం దోపిడీయే. చూసుకుంటామన్న షరతు రాసి ఆస్తి తీసుకుని చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయించే వీలు 2007 వయోవృద్ధుల చట్టంలో ఉంది.

అమెరికాలో ఉన్న తమ్ముడు హాల్లో కెమెరా పెట్టించాడు. "అక్కా, అమ్మ లేచింది చూడు" అని అక్కణ్ణుంచి ఫోన్ చేస్తాడు. వాడి ప్రేమ నాకు తెలుసు. కానీ కెమెరా చూస్తుంది, లేపి కూర్చోబెట్టదు. దూరాన ఉన్న పిల్లలు ఇవ్వగలిగిన అన్నిటికంటే పెద్ద సాయం రాత్రి డ్యూటీకి ఒక మనిషి జీతం, ఏడాదికో నెల స్వయంగా వచ్చి ఉండటం. ఎందుకంటే ఈ ఇంట్లో భద్రత అంతా ఒక మనిషి మెలకువ మీద నిలబడి ఉంటుంది. సాధారణంగా కూతురు, కోడలు, లేదా భార్య. మూడు రాత్రులు నిద్ర లేని మనిషి రెగ్యులేటర్ ఆపడం మర్చిపోతుంది, నేనూ మర్చిపోయాను. ఒకసారి విసుగులో అమ్మ చెయ్యి గట్టిగా లాగాను, వేళ్ళ గుర్తులు పడ్డాయి. ఆవిడ మర్చిపోయింది, నేను మర్చిపోలేదు. ఆ మర్నాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేశాను. అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. వృద్ధుల కోసం ఎల్డర్‌లైన్ 14567 ఉంది. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ సంఘం ఏఆర్‌డీఎస్‌ఐకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది.

ఈ పొద్దున కూడా నాలుగున్నరకే లేచింది. నాబ్ తిప్పిన చప్పుడు వినబడింది, లైటర్ రెండుసార్లు టిక్కుమంది. నేను లేచి వెళ్ళేసరికి స్టవ్ ముందు నిలబడి ఉంది. పక్కనే కుర్చీ వేసి, మునగాకు చేట ఒళ్ళో పెట్టి, రెగ్యులేటర్ తిప్పి పాలు పెట్టాను. కాసేపటికి ఆకు దూస్తూనే తలెత్తకుండా అడిగింది, "పాలు పొంగాయటే?"

"ఇంకా లేదమ్మా. చూస్తున్నాను."